యాంటిజెన్ రిట్రీవల్: సిట్రేటా, ట్రిస్-ఈడీటీఏనా, ఎంజైమా? చేత్తో ఐహెచ్‌సీ చేసే ల్యాబ్‌కి ఏది సరిపోతుంది

ఫార్మలిన్‌లో ఫిక్సయిన కణజాలంలో దాగిపోయిన యాంటిజెన్‌ని (యాంటీబాడీ పట్టుకోవాల్సిన ప్రొటీన్‌ని) స్టెయిన్‌కి ముందు మళ్లీ బయటికి తేవడమే యాంటిజెన్ రిట్రీవల్. మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నెలకి ముప్పై నలభై ఐహెచ్‌సీ (ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, కణజాలంలోని ప్రొటీన్లని యాంటీబాడీతో రంగు తెప్పించి చూసే పరీక్ష) కేసులొచ్చే ల్యాబ్. ఆటోస్టెయినర్ లేదు, పనంతా చేత్తోనే. ఏ యాంటీబాడీ అయినా సిట్రేట్ 6.0 (పీహెచ్ 6.0 ఉన్న సిట్రేట్ బఫర్) పోసి ఇంట్లో వాడే మైక్రోవేవ్‌లో పెడుతున్నారు. ఈఆర్ (ఈస్ట్రోజెన్ రిసెప్టర్) ఒకరోజు చక్కగా పడుతోంది, మర్నాడు వెలిసిపోయినట్టు ఉంటోంది. కేఐ-67 (విభజన చెందే కణాలని చూపే ప్రొటీన్) ఎప్పుడూ తక్కువే. సెక్షన్లు ఊడి బఫర్‌లో తేలుతున్నాయి. మీ సీనియర్ టెక్నీషియన్ గారు సైటోకెరాటిన్‌కి (ఎపిథీలియల్ కణాల్లో ఉండే ప్రొటీన్‌కి) ట్రిప్సిన్ అనే ఎంజైమ్ వాడాలంటున్నారు. చివర్లో, వాడిన బఫర్ మళ్లీ వాడొచ్చా అని కూడా అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. వేడి పద్ధతినే అసలు పద్ధతిగా పెట్టుకోండి. బఫర్ ట్రిస్-ఈడీటీఏ పీహెచ్ 9.0, పాత్ర స్టీలు ప్రెషర్ కుక్కర్. సిట్రేట్ 6.0ని రెండో బఫర్‌గా ఉంచుకోండి. ఎంజైమ్ ఒకే ఒక్కటి, ప్రొటీనేజ్ కె, ఫ్రీజర్‌లో చిన్న చిన్న వయల్స్‌గా పంచి పెట్టుకోండి. దాని అవసరం నాలుగైదు యాంటీబాడీలకి మించి రాదు. చేత్తో చేసే ల్యాబ్‌కి ఒక వేడి సాధనం, రెండు బఫర్లు, ఒక ఎంజైమ్ చాలు. ప్రతి యాంటీబాడీకీ ఒక కొత్త పద్ధతి మొదలుపెడితే ఆరు నెలలకి ఏ స్లైడ్‌కి ఏం చేశారో ఎవరికీ గుర్తుండదు.

అయితే మీ బాధల్లో సగం బఫర్ వల్ల వచ్చినవి కావని నా అనుమానం. అది తర్వాత చెప్తాను.

ఎందుకు వేడి, ఎందుకు 9.0? ఫార్మలిన్ ప్రొటీన్ల మధ్య మిథిలీన్ వంతెనలు కడుతుంది. యాంటీబాడీ పట్టుకోవాల్సిన చోటు ఆ అల్లికలో చిక్కుకుపోతుంది. ఆ బంధాలు బాగా వేడి చేసినా, గాఢమైన క్షారంలో ఉంచినా కొంతవరకు విడిపోతాయని ఫ్రెంకెల్-కాన్రాట్ బృందం 1940ల్లోనే చూపించింది. దాన్ని పారఫిన్ సెక్షన్ల మీద మైక్రోవేవ్‌తో చేసి చూపించింది షి, కీ, కాల్రా, 1991లో. అంతకుముందు పదిహేనేళ్ల పాటు దిక్కు ఎంజైమే. మీ సీనియర్ గారి ట్రిప్సిన్ ఆ కాలం నాటిది, తప్పేమీ కాదు, కానీ దానికో పెద్ద లోపం ఉంది. ఎంజైమ్ ఎంతసేపు ఉంచాలన్నది కణజాలం ఫార్మలిన్‌లో ఎంతసేపు ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. ఎనిమిది గంటలు ఫిక్సయిన బయాప్సీకి ఐదు నిమిషాలు సరిపోతే, మూడు రోజులు నానిన మాస్టెక్టమీ ముక్కకి పదిహేను నిమిషాలు కావాలి. మీ దగ్గరికి వచ్చే బ్లాకులు ఎన్ని గంటలు ఫిక్సయ్యాయో సగానికి సగం తెలియదు కదా. వేడి పద్ధతికి ఈ తేడాలు తట్టుకునే శక్తి చాలా ఎక్కువ.

పీహెచ్ విషయానికొస్తే, న్యూక్లియస్‌లో ఉండే యాంటిజెన్లు చాలావరకు, ఇప్పుడొచ్చే కుందేలు మోనోక్లోనల్స్ (ఒకే క్లోన్ నుంచి తయారయ్యే కుందేలు యాంటీబాడీలు) దాదాపు అన్నీ, పీహెచ్ 9 దగ్గర సిట్రేట్ కన్నా బలంగా పడతాయి. సిట్రేట్ మృదువు: న్యూక్లియస్ ఆకారం చెడదు, బ్యాక్‌గ్రౌండ్ తక్కువ, సెక్షన్ తక్కువ ఊడుతుంది. కానీ బలహీనంగా ఉన్న యాంటిజెన్‌ని బయటకి తేలేకపోతుంది. మీ ఈఆర్ కథ అదే కావచ్చు. బలమైన పాజిటివ్ కేసు సిట్రేట్‌లోనూ పడుతుంది. పది శాతం కణాల్లో పలచగా ఉన్న కేసు మాయమైపోతుంది. ఒకరోజు బాగుండి మరోరోజు బాగాలేదని మీకు అనిపించేది అందుకే అయ్యుండొచ్చు. మారింది మీ చెయ్యి కాదు, కేసు.

బఫర్ల కొలతలు

ట్రిస్-ఈడీటీఏ 9.0, ఒక లీటరుకి: ట్రిస్ బేస్ 1.21 గ్రాములు, డైసోడియం ఈడీటీఏ డైహైడ్రేట్ 0.37 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ 1 లీటరు, పీహెచ్ సరిచేశాక ట్వీన్-20 అర మిల్లీలీటరు. అంటే 10 మిల్లీమోలార్ ట్రిస్, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ, 0.05 శాతం ట్వీన్.

సిట్రేట్ 6.0, ఒక లీటరుకి: ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ 2.94 గ్రాములు, 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు చుక్కలుగా వేసి 6.0కి తెచ్చి, అర మిల్లీలీటరు ట్వీన్. ఇది 10 మిల్లీమోలార్.

బోరు నీళ్లు వద్దు, ఆర్‌వో నీళ్లు తప్పనిసరైతే వాడండి కానీ డిస్టిల్డ్ మేలు. ఈ రెండు బఫర్లూ క్యాల్షియంని పట్టుకునేవే, ఆ పట్టుకోవడం కూడా రిట్రీవల్‌లో భాగమేనని చెప్పేవాళ్లున్నారు. అలాంటప్పుడు క్యాల్షియం నిండిన నీళ్లలో కలిపి వాటి పని ముందే అవగొట్టడం దేనికి?

ట్రిస్‌తో ఒక మెలిక ఉంది. దాని పీహెచ్ వేడితో దిగుతుంది, డిగ్రీకి సుమారు 0.028 చొప్పున. 25 డిగ్రీల దగ్గర 9.0 ఉన్న బఫర్ ఫ్రిజ్ నుంచి తీయగానే చూస్తే 9.6 చూపిస్తుంది, ఎక్కువైందని ఆమ్లం పోస్తే, గది వేడికి వచ్చేసరికి అది 8.4 అయి కూర్చుంటుంది. కాబట్టి బఫర్ గది వేడికి వచ్చాకే, 25 డిగ్రీల దగ్గర, మీటరు ఆ రోజే క్యాలిబ్రేట్ చేసి కొలవండి. మే నెలలో ఏసీ ఆగిపోయిన గదిలో 38 డిగ్రీల దగ్గర కొలిస్తే అదే బఫర్ 8.6 చూపిస్తుంది. అప్పుడు క్షారం పోసి సరిచేయకండి. మరుగుతున్నప్పుడు అది ఎలాగూ 7 దగ్గరికి దిగిపోతుంది, అందరి ప్రోటోకాళ్లలోనూ అలాగే దిగుతుంది. మనకి కావాల్సింది రోజూ ఒకేలా ఉండటం. సిట్రేట్‌కి ఈ గొడవ దాదాపు లేదు.

కుక్కర్

ఇక్కడ కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే ఎక్కువ తేడాలు ఇక్కడే వస్తాయి.

ఐదు లీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు కుక్కర్ తీసుకోండి, అడుగు ఇండక్షన్ స్టౌకి పనికొచ్చేది. అల్యూమినియం వద్దు, సిట్రేట్, ఈడీటీఏ రెండూ లోహాన్ని లాగుతాయి, పాత్ర లోపల నల్లబడుతుంది, లోహం బఫర్‌లోకి దిగుతుంది. గ్యాస్ మంట రోజుకో రకంగా ఉంటుంది. ఇండక్షన్ అయితే ఒకే అంకె మీద పెట్టి వదిలేయొచ్చు.

లీటరున్నర బఫర్ నేరుగా కుక్కర్‌లో పోసి, మూత లేకుండా మరగనివ్వండి. ఈలోగా స్లైడ్లు జైలీన్, ఆల్కహాల్ దాటి నీళ్లలోకి వచ్చి ఉండాలి. మరుగుతున్న బఫర్‌లోకి స్టీలు ర్యాక్‌తో సహా దించండి. రోజూ అన్నే స్లైడ్లు. తక్కువైతే ఖాళీ స్లైడ్లతో ర్యాక్ నింపండి. మూత, వెయిట్ పెట్టండి. వెయిట్ మొదటిసారి లేచిన క్షణాన స్టాప్‌వాచ్ నొక్కండి. అక్కణ్నుంచి 3 నిమిషాలు. లోపల సుమారు 15 పీఎస్ఐ, 120 డిగ్రీల దగ్గర ఉంటుంది.

విజిల్స్ లెక్క పప్పుకి. మూడు విజిల్స్ రెండు నిమిషాల్లో రావచ్చు, ఆరు నిమిషాల్లోనూ రావచ్చు; వెయిట్‌లో జిగురు చేరినా, మంట మారినా తేడా వస్తుంది. లెక్క నిమిషాల్లోనే ఉండాలి.

ఇంకొక అంకె రోజూ రిజిస్టర్‌లో రాయండి: మూత పెట్టిన దగ్గర్నుంచి వెయిట్ లేచేదాకా ఎన్ని నిమిషాలు పట్టింది. రోజూ ఎనిమిది పడుతున్నది ఒకరోజు పదమూడు పట్టిందంటే గ్యాస్‌కెట్ పోయింది, లేదా ఎవరో బఫర్ ఎక్కువ పోశారు. ఆ రోజు స్లైడ్లు ఐదు నిమిషాలు ఎక్కువ ఉడికాయి. మర్నాడు కేఐ-67 ఎందుకు ఎక్కువొచ్చిందని తల పట్టుకునే బదులు ఈ అంకె చూస్తే తెలిసిపోతుంది.

మూడు నిమిషాలయ్యాక స్టౌ ఆపి ప్రెషర్ దానంతటదే దిగేదాకా ఆగండి. వెయిట్ ఎత్తి ఆవిరి వదలొద్దు. ఒత్తిడి ఒక్కసారి పడిపోతే లోపల బఫర్ కుతకుతా ఉడికి సెక్షన్లని పీకేస్తుంది. మీ సెక్షన్లు ఊడుతున్నాయంటే, కుక్కర్‌కి మారాక కూడా ఊడితే, ముందు చూడాల్సింది ఇదే. మూత తీశాక స్లైడ్లని వేడి బఫర్‌లోంచి బయటికి తీయకండి. అంత వేడి మీద గాజు క్షణాల్లో ఆరిపోతుంది, ఆరిన చోట తర్వాత యాంటీబాడీ ఇష్టమొచ్చినట్టు అంటుకుంటుంది. ఒక పక్కనుంచి సన్నటి ధారగా చల్లటి డిస్టిల్డ్ వాటర్ పోస్తూ బఫర్‌ని పొర్లనివ్వండి, లేదా ఇరవై నిమిషాలు అలా వదిలేయండి. చెయ్యి పెట్టగలిగేంత చల్లబడ్డాకే వాష్ బఫర్‌లోకి. ఎండోజీనస్ (కణజాలంలో సహజంగా ఉండే) పెరాక్సిడేజ్ బ్లాక్, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో పది నిమిషాలు, ఆ తర్వాత.

మైక్రోవేవ్ అసలు పనికిరాదని కాదు. దాంట్లో ఒక మూల మరుగుతుంటే ఇంకో మూల 90 దగ్గర ఉంటుంది. తప్పకపోతే 750-800 వాట్ల మీద ఐదేసి నిమిషాలు మూడుసార్లు, మధ్య మధ్య ఆవిరైపోయినంత మేర వేడి డిస్టిల్డ్ వాటర్ పోయండి. బఫర్ పోయకూడదు, ఆవిరైపోయింది నీళ్లే, లవణం అక్కడే ఉంది. జార్లు ఎప్పుడూ అన్నే, అవే చోట్లలో. ఇంకో సంగతి, తెరిచిన పాత్రలో నీళ్లు మరిగే వేడి ఊరిని బట్టి మారుతుంది. వైజాగ్‌లో 100 అయితే 540 మీటర్ల ఎత్తులో ఉన్న హైదరాబాద్‌లో సుమారు 98, బెంగళూరులో 97. రెండు డిగ్రీలేగా అనిపిస్తుంది కానీ అంచు మీద ఉన్న యాంటీబాడీకి అది ఐదు పది నిమిషాల సమయంతో సమానం. తీరప్రాంతం ల్యాబ్ నుంచి ప్రోటోకాల్ తెచ్చుకున్నవాళ్లు సమయం పెంచి చూడాలి.

వాటర్ బాత్ అన్నిటికన్నా మృదువు: 95-98 డిగ్రీలు, 30-40 నిమిషాలు, బఫర్ ముందే వేడెక్కి ఉండాలి. కొవ్వెక్కువున్న రొమ్ము ముక్కలకి, బోన్ మారోకి మంచిది. థర్మామీటరు జార్ లోపల పెట్టి చూడండి. డిస్‌ప్లే మీద 98 ఉన్నా జార్‌లో నాలుగైదు డిగ్రీలు తక్కువ ఉండటం మామూలే.

ఏ యాంటీబాడీకి ఏది

యాంటిజెన్ పేరు కన్నా క్లోన్ (దాన్ని పట్టుకునే ఫలానా యాంటీబాడీ రకం) ముఖ్యం. "సైటోకెరాటిన్‌కి ఏం వాడాలి" అన్న ప్రశ్నకి జవాబు లేదు. "ఏఈ1/ఏఈ3కి ఏం వాడాలి" అంటే ఉంది. ఏఈ1/ఏఈ3కి వేడి, పీహెచ్ 9. దీనికి ఎంజైమ్ వాడితే చర్మం, పెద్దపేగు బాగానే పడతాయి, చూడ్డానికి స్టెయిన్ అద్భుతంగా ఉంటుంది, కానీ తక్కువ కెరాటిన్ ఉండే కిడ్నీ క్లియర్ సెల్ కార్సినోమాలాంటివి జారిపోతాయి. అదే ఎంఎన్ఎఫ్116 అయితే ఎంజైమ్‌తోనే మేలుగా పడుతుంది. కాబట్టి మీ సీనియర్ గారి మాట ఏ క్లోన్ సీసాని చూసి అన్నారో అడగండి. బహుశా పాతరోజుల్లో ఆయన వాడింది అలాంటిదే అయ్యుంటుంది.

పీహెచ్ 9తో మొదలుపెట్టాల్సినవి: ఈఆర్ (ఎస్‌పీ1, ఈపీ1, 6ఎఫ్11 మూడూ), పీఆర్ (ప్రొజెస్టెరాన్ రిసెప్టర్), సైక్లిన్ డీ1 ఎస్‌పీ4, సీడీ3, సీడీ5, సీడీ10, బీసీఎల్6, టీటీఎఫ్-1, పాక్స్8, గాటా3, పీ40, ఆల్క్, ఎంఎంఆర్ (డీఎన్ఏలో పొరపాట్లు సరిచేసే ప్రొటీన్లు) నాలుగూ. రెంటిలోనూ పడేవి: కేఐ-67 ఎంఐబీ-1, పీ53 డీఓ-7, సీడీ20 ఎల్26, విమెంటిన్ వీ9. వీటికి 9.0లో బ్యాక్‌గ్రౌండ్ గానీ న్యూక్లియస్ ఉబ్బి మసకబారడం గానీ కనిపిస్తే సిట్రేట్‌కి దిగండి. జీఎఫ్ఏపీ, ఎస్100 పాలీక్లోనల్స్, స్మూత్ మజిల్ ఆక్టిన్ 1ఏ4: వీటికి చాలా తక్కువ చాలు, అసలు లేకుండా కూడా ఒక స్లైడ్ చేసి చూడండి.

ఎంజైమ్ నిజంగా కావాల్సింది ఎక్కడంటే, కిడ్నీ బయాప్సీలో ఫ్రోజెన్ ముక్కలో గ్లొమెరులస్ లేక పారఫిన్ మీదే ఇమ్యునోఫ్లోరెసెన్స్ చేయాల్సి వచ్చినప్పుడు ఐజీజీ, ఐజీఏ, సీ3 వగైరా. ఇక్కడ ప్రొనేజ్ గానీ ప్రొటీనేజ్ కె గానీ. ఇంకా టైప్ 4 కొల్లాజెన్, లామినిన్, కొన్ని ఈజీఎఫ్ఆర్ క్లోన్లు, ఫ్యాక్టర్ 8 పాలీక్లోనల్.

ప్రొటీనేజ్ కె: మిల్లీలీటరుకి 20 మైక్రోగ్రాములు, 50 మిల్లీమోలార్ ట్రిస్ 8.0లో, 37 డిగ్రీలు. 5, 10, 15 నిమిషాల మూడు స్లైడ్లతో మొదలుపెట్టండి. ట్రిప్సిన్ వాడితే 0.1 శాతం, 0.1 శాతం క్యాల్షియం క్లోరైడ్‌లో, పీహెచ్ 7.8, 37 డిగ్రీలు; ద్రావణం, స్లైడ్లు రెండూ ముందే 37కి వచ్చి ఉండాలి. క్యాల్షియం లేకపోతే ట్రిప్సిన్ తనని తానే తినేస్తుంది, కాబట్టి దాన్ని ఈడీటీఏ ఉన్న బఫర్‌లో కలపకండి. సమయం కాగానే చల్లటి నీళ్లలో ముంచి ఆపండి. ఎక్కువైతే న్యూక్లియస్‌లో రంధ్రాలు, కణాల హద్దులు కరిగిపోయి సెక్షన్ జల్లెడలా కనిపిస్తుంది. హెమటాక్సిలిన్ వేయగానే తెలిసిపోతుంది, స్టెయిన్ చదివే అవసరం లేదు.

కొత్త యాంటీబాడీ వస్తే

డేటాషీట్‌లో రాసింది ఆ కంపెనీ ల్యాబ్‌కి, వాళ్ల డిటెక్షన్ కిట్‌కి. మీకు అది మొదటి మెట్టు మాత్రమే. చిన్న గడుల పట్టిక వేయండి: మూడు బఫర్లు (సిట్రేట్ 6.0; 1 మిల్లీమోలార్ ఈడీటీఏ 8.0, ట్రిస్-ఈడీటీఏ 9.0), మూడు సమయాలు (ఫుల్ ప్రెషర్ మీద 1, 3, 6 నిమిషాలు). తొమ్మిది స్లైడ్లు. పదోది రిట్రీవల్ లేకుండా. పదకొండోది ప్రొటీనేజ్ కె. డైల్యూషన్ డేటాషీట్‌లో చెప్పిన దాంట్లో మధ్యది, అన్నిటికీ ఒకటే. ఒక పూట పని, కొన్ని వందల మైక్రోలీటర్ల యాంటీబాడీ. ఖర్చు అనిపిస్తుంది కానీ ఆర్నెల్లు రిపీట్లు చేసే ఖర్చు కన్నా చాలా తక్కువ.

చూడాల్సిన కణజాలం ఎంచుకోవడంలో చాలామంది పొరపాటు పడతారు. బలమైన పాజిటివ్ ట్యూమర్ పెట్టి పట్టిక చేస్తారు. అది తొమ్మిది గడుల్లోనూ గోధుమరంగులో మెరుస్తుంది, ఏమీ తేలదు. తక్కువగా ఉండే కణాన్ని చూడండి. సీడీ5కి టాన్సిల్: టీ కణాలు ఎలాగూ పడతాయి, మాంటిల్ జోన్ బీ కణాల్లో పలచటి పొర కనిపించిందా అన్నదే పరీక్ష. ఈఆర్‌కి కూడా టాన్సిల్ పనికొస్తుంది, జెర్మినల్ సెంటర్లో అక్కడక్కడా, పైపొర స్క్వేమస్ కణాల్లో కొన్ని పలచగా పడాలి. ఆల్క్‌కి అపెండిక్స్‌లో గ్యాంగ్లియన్ కణాలు. ఏఈ1/ఏఈ3కి లివర్: పిత్తనాళాలు ఎప్పుడూ పడతాయి, హెపటోసైట్లు పడ్డాయా లేదా అన్నది చూడాలి. టాన్సిల్, అపెండిక్స్, లివర్, ప్యాంక్రియాస్ ముక్కలు నాలుగూ ఒకే బ్లాకులో పెట్టుకుంటే సగం యాంటీబాడీలకి కంట్రోల్ తయారైనట్టే.

రిట్రీవల్ తేలాకే డైల్యూషన్ కదపండి. రెండూ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. రిట్రీవల్ బాగుంటే తరచుగా యాంటీబాడీ ఇంకా పలచన చేయొచ్చు, బ్యాక్‌గ్రౌండ్ కూడా అప్పుడే తగ్గుతుంది. స్టెయిన్ రాలేదని చాలామంది మొదట చేసే పని యాంటీబాడీ చిక్కగా వేయడం. తలుపు మూసి ఉంటే ఎంతమంది వచ్చి బయట నిలబడితే ఏం లాభం.

సెక్షన్లు ఎందుకు ఊడుతున్నాయి

కారణాలు వరసగా: స్లైడ్ చార్జ్‌డ్ (సెక్షన్‌ని పట్టుకునే ధనావేశం ఉన్నది) కాకపోవడం (లేదా సెక్షన్ అంటుకునేందుకు వేసే ఆపెస్ పూత పూసింది కాకపోవడం), సెక్షన్ మందం, 3-4 మైక్రాన్లు దాటితే ఊడుతుంది, సెక్షన్ కింద నీళ్లు మిగలడం. సెక్షన్ ఎత్తాక స్లైడ్‌ని నిలబెట్టి నీరు పూర్తిగా కారనిచ్చి, ఆరాక, 60 డిగ్రీల్లో ఒక గంట. తడిగా ఉండగా హాట్ ప్లేట్ మీద పడుకోబెడితే కింద నీటి బుడగ చిక్కుకుంటుంది, మరిగే బఫర్‌లో అక్కడే మొదట లేస్తుంది. టిష్యూ బాత్‌లో ఎగ్ ఆల్బుమిన్, జెలటిన్ వేసే అలవాటుంటే మానేయండి. అవి చార్జ్‌డ్ స్లైడ్‌ని కప్పేసి దాని పట్టు పోగొడతాయి. మామూలు హెచ్ అండ్ ఈ (హెమటాక్సిలిన్-ఇయోసిన్) స్టెయిన్ కోసం వేసిన బాత్‌లోనే ఐహెచ్‌సీ సెక్షన్లు తేలిస్తే కూడా అంతే.

పీహెచ్ 9కి మారాక ఊడటం కొంచెం పెరుగుతుంది, సిట్రేట్ కన్నా అది కఠినమే. పైవన్నీ సరిగా ఉండి కూడా రొమ్ము కొవ్వు, ఎముక ఊడుతుంటే అదే బఫర్‌లో వాటర్ బాత్ 95 డిగ్రీలు, 40 నిమిషాలకి మారండి. ఆమ్లంతో డీక్యాల్సిఫై చేసిన ఎముకకి 60-70 డిగ్రీల్లో రాత్రంతా పెట్టే పద్ధతి కూడా ఉంది. ఆమ్లం పాలైన కేఐ-67, ఈఆర్‌లని మాత్రం ఏ బఫరూ తిరిగి తేలేదు. అలాంటి బ్లాకు మీద నెగెటివ్ అని రాసే ముందు డీక్యాల్సిఫికేషన్ సంగతి రిపోర్టులో రాయాలి. ఈడీటీఏతో డీక్యాల్సిఫై చేస్తే ఈ బాధ చాలా తగ్గుతుంది, రోజులు పడుతుంది, అంతే.

ఇక మొదట దాచిన అనుమానం

మీ ఈఆర్, కేఐ-67 గోలకి కారణం ఫిక్సేషన్ అయ్యుండొచ్చు. స్లైడ్‌ని తక్కువ పవర్‌లో చూడండి. ముక్క అంచులు చక్కగా పడి మధ్యలో ఖాళీగా ఉందా? అయితే ఫార్మలిన్ మధ్యదాకా వెళ్లలేదు. అది గంటకి మిల్లీమీటరుకి మించి పోదు, పోయాక కూడా బంధాలు కట్టడానికి గంటలు పడుతుంది. ఫార్మలిన్ చేరని మధ్యభాగాన్ని ప్రాసెసర్‌లో ఆల్కహాల్ ఫిక్స్ చేస్తుంది; ఆ భాగాన్ని తర్వాత మీరు కుక్కర్‌లో పెడితే అది తట్టుకోలేక నలిగి ఊడుతుంది. ఊడిన ముక్కలన్నీ మధ్య భాగమే అయితే సందేహమే లేదు. కోయకుండా చిన్న డబ్బాలో కుక్కి బస్సు పార్శిల్లో పంపిన రొమ్ము సాయంత్రానికి మీ దగ్గరికి చేరితే, ఏ పీహెచ్ దాన్ని బాగుచేయగలదు?

పంపేవాళ్లకి చెప్పాల్సినవి: తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి, పెద్ద ముక్కని సెంటీమీటరు లోపు పొరలుగా కోసి మధ్య గాజుగుడ్డ పెట్టాలి, ముక్కకి పదింతల ఫార్మలిన్, ఈఆర్, పీఆర్, హెర్2 (రొమ్ము క్యాన్సర్‌లో చూసే మరో ప్రొటీన్) చేసేవాటికి ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటలు. ఫార్మలిన్ బఫర్డ్ అయి ఉండాలి: కొన్న ఫార్మలిన్ 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900, మోనోసోడియం ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరు లేని డైసోడియం ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. కుళాయి నీళ్లలో కలిపినది ఆమ్లంగా మారి నల్లటి రంగురేణువులు కూడా వదులుతుంది.

కేఐ-67కి ఇంకొకటి: కోసి నెలల తరబడి బయట పెట్టిన సెక్షన్లలో యాంటిజెన్ తగ్గుతుంది. కంట్రోల్ స్లైడ్లు ఏడాదికి సరిపడా ఒకేసారి కోసుకునే అలవాటుంటే ఆ కంట్రోలే మిమ్మల్ని మోసం చేస్తోంది.

ఎక్కువైతే ఏమవుతుంది

రిట్రీవల్ బలం పెంచితే లేనిదీ కనబడొచ్చు. హెర్2లో మామూలు డక్ట్‌ల పొర మీద గట్టిగా పడితే ఆ రన్ అంతా చెల్లదు, ట్యూమర్ 3+ (బలమైన పాజిటివ్) అనిపించినా రిపీట్ చేయండి. వేడి వల్ల ఎండోజీనస్ బయోటిన్ కూడా బయటపడుతుంది. లివర్, కిడ్నీ, ఆంకోసైటిక్ ట్యూమర్లలో బయోటిన్-స్ట్రెప్టావిడిన్ కిట్ వాడితే సైటోప్లాజం అంతా రవ్వరవ్వగా గోధుమరంగు. పాలిమర్ కిట్‌కి మారితే ఈ సమస్యే ఉండదు. నెగెటివ్ కంట్రోల్ స్లైడ్ కూడా అదే కుక్కర్‌లో, అదే బఫర్‌లో వెళ్లాలి. చాలా చోట్ల దాన్ని పక్కనే పొడిగా ఉంచి యాంటీబాడీ లేకుండా చేస్తారు, అదేం కంట్రోలు?

ఎంఎంఆర్‌లో స్ట్రోమా లింఫోసైట్లు పడకపోతే ట్యూమర్‌లో పోయిందని రాయకూడదు. రిట్రీవల్ చాలలేదని అర్థం.

మార్చేటప్పుడు

సిట్రేట్ నుంచి 9.0కి, మైక్రోవేవ్ నుంచి కుక్కర్‌కి మారితే పాత వ్యాలిడేషన్ చెల్లదు. క్యాప్ (కాలేజ్ ఆఫ్ అమెరికన్ పాథాలజిస్ట్స్) మార్గదర్శకాల ప్రకారం అదే పద్ధతిలో సమయం మాత్రమే మార్చితే తెలిసిన 2 పాజిటివ్, 2 నెగెటివ్ కేసులు చాలు. బఫర్, పీహెచ్, వేడి సాధనం మారితే అంతకన్నా ఎక్కువ కేసులతో నిరూపించుకోవాలి. ఈఆర్, హెర్2లకి కొత్తగా పెట్టినట్టే 20 పాజిటివ్, 20 నెగెటివ్ చేయమంటాను. పాజిటివ్‌ల్లో సగం పలచనివి ఉండేలా ఏరుకోండి. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే సంస్థ) వాళ్లొచ్చి అడిగితే చూపించడానికి పాత, కొత్త స్లైడ్లు పక్కపక్కన పెట్టి దాచండి. అన్ని యాంటీబాడీలూ ఒకేసారి మార్చకండి. ముందు ఈఆర్, పీఆర్, కేఐ-67, తర్వాత లింఫోమా ప్యానెల్.

వాడిన బఫర్ మళ్లీ వాడటం గురించి: వద్దండి. మరిగి చిక్కబడుతుంది, పీహెచ్ కదులుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా ఊడిన కణజాలం అందులో తేలుతుంటుంది. నిన్నటి సీడీ20 పాజిటివ్ ముక్క ఇవాళ్టి బయాప్సీ మీద అంటుకుంటే మైక్రోస్కోప్ దగ్గర కూర్చున్నవాళ్లకి అది ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియదు. కొన్ని ప్రీట్రీట్‌మెంట్ మెషిన్ల రెడీమేడ్ బఫర్ల మీద ఇన్నిసార్లు వాడొచ్చని రాసి ఉంటుంది, అది ఆ మెషిన్‌కి, ఆ బఫర్‌కి మాత్రమే. మీది లీటరుకి గ్రామున్నర పొడి. పదింతల చిక్కటి స్టాక్ చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, ట్వీన్ మాత్రం కలపకుండా. ఏ రోజుకారోజు పలచన చేసి, గది వేడికి వచ్చాక పీహెచ్ చూసుకుని, ట్వీన్ వేసి వాడి, సాయంత్రం పారబోయండి.